ఓరుగల్లు ఎండల్లో ఆఫ్రికా ఫించ్‌లు: మూడో రోజు పిల్లలు ఎందుకు పోతున్నాయి

కార్డన్ బ్లూ అంటే పంజరంలో పెంచే ఆఫ్రికా ఫించ్, గింజ తినే చిన్న పక్షి. దాని జోడి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. పన్నెండో రోజుకు పిల్లలు లేస్తాయి. ఆ తర్వాత మూడో రోజు పొద్దున చూస్తే పంజరం అడుగున ఇసుక మీద గోరంత పిల్లలు చచ్చి పడి ఉంటాయి. హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు ఈ పక్షులు పెంచేవాళ్లు చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడే. జోడి మంచిది కాదని ఒకరంటారు, చలి తగిలిందని ఇంకొకరంటారు, దిష్టి అనేవాళ్లూ ఉన్నారు. జోడిని మార్చి మళ్లీ గూడు పెడతారు. మళ్లీ అదే మూడో రోజు.

ఆ చావుకు మామూలుగా కారణం ఆకలి. పెద్ద పక్షుల ముందు గిన్నె నిండా కొర్రలుంటాయి, పిల్లల మేతసంచి మాత్రం ఖాళీగా ఉంటుంది. జీబ్రా ఫించ్ గింజలతోనే, కాస్త గుడ్డు దాణాతోనే పిల్లల్ని సాకేస్తుంది. ఆ అలవాటుతో ఆఫ్రికా పక్షిని కొన్నవాళ్లకు అర్థం కానిది ఒకటుంది. కార్డన్ బ్లూ, ఫైర్‌ఫించ్, వాక్స్‌బిల్ లాంటివి మొదటి ఎనిమిది పది రోజులు పిల్లల నోట్లో పెట్టేది ముఖ్యంగా పురుగు. మెత్తటి, బతికున్న పురుగు దొరక్కపోతే తల్లిదండ్రులు మేపడం తగ్గించేస్తాయి, లేదా పిల్లల్ని ముక్కుతో పట్టి బయట పారేసి కొత్త గూడు మొదలుపెడతాయి. మనకు అది క్రూరంగా కనిపిస్తుంది కానీ అడవిలో పురుగు లేని చోట పిల్లల మీద శ్రమ పెట్టడం ఆ పక్షికి నష్టం.

కాబట్టి ఇక్కడ తేల్చుకోవలసినవి రెండే: గూడు ఏ కాలంలో పెట్టాలి, పురుగు ఎక్కడి నుంచి తేవాలి. మిగతావన్నీ వీటి వెనకే వస్తాయి. ఈ రెండింటిలోనూ ఉత్తర తెలంగాణ వాళ్లకున్న వెసులుబాటు ఐరోపా వాళ్లకు లేదు.

ఎర్రబుగ్గల కార్డన్ బ్లూ సొంతూరు సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా, సహారా ఎడారికి దిగువన పరుచుకున్న గడ్డి నేల, తుమ్మ చెట్ల నేల. డాకర్ నగరం 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే వరంగల్ 18 డిగ్రీల మీద ఉంది. పగటి పొడవు రెండు చోట్లా దాదాపు ఒకేలా మారుతుంది. ఎండాకాలం, ఆ వెంటనే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, తర్వాత పొడి చలికాలం, ఈ వరసా ఒకటే. అక్కడ ఈ పక్షులు ఎక్కువగా జతకట్టేది వానల చివర, గడ్డి గింజ పాలుపోసుకుని పండే రోజుల్లో. మన దగ్గర పొలం గట్ల మీద ఊదగడ్డి గింజ పట్టేదీ అప్పుడే. చలి దేశాల పుస్తకాలు చూసి పక్షుల గదిలో హీటరు పెట్టడం, కిటికీలు మూసి ఉంచడం ఇక్కడ మేలు కన్నా చెరుపే ఎక్కువ చేస్తాయి. మన దగ్గర పక్షిని చంపేవి మే నెల రేకుల షెడ్డు, జూలై ముసురు.

ఏవి ఆఫ్రికావి, ఏవి కావు

దుకాణంలో ఫించ్ అంటే ముందు చూపించేవి జీబ్రా, గౌల్డియన్. ఈ రెండూ ఆస్ట్రేలియావి. బెంగాలీస్ జపాన్‌లో మచ్చికైన మునియా అనే చిన్న గింజ పక్షి. జావా పిచ్చుక ఇండోనేషియాది. ఆఫ్రికా గుంపులో తొలిసారి పెంచేవాళ్లకు తగినవి కట్ త్రోట్, ఆఫ్రికన్ సిల్వర్‌బిల్. కట్ త్రోట్ మగదాని గొంతు మీద కత్తిగాటులా ఎర్ర చార ఉంటుంది, ఆడదానికి ఉండదు. ఆడా మగా తేడా తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన పక్షి లేదు. సిల్వర్‌బిల్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, పాట పాడేదాన్ని మగదిగా గుర్తించాలి. ఆ తర్వాతి మెట్టు కార్డన్ బ్లూ, ఆరెంజ్ చీక్ వాక్స్‌బిల్, గోల్డ్ బ్రెస్ట్ వాక్స్‌బిల్, ఎర్రముక్కు ఫైర్‌ఫించ్. పర్పుల్ గ్రెనడియర్, మెల్బా ఫించ్ లాంటివి ఏడాది పొడవునా పురుగు అడిగే పక్షులు. మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా వాటి జోలికి పోవడం డబ్బు దండగ.

పిన్‌టెయిల్ విడా అనే పొడవు తోక పక్షిని అందం చూసి కొనేవాళ్లున్నారు. అది గూడు కట్టదు. కోకిల కాకి గూట్లో పెట్టినట్టు, వాక్స్‌బిల్‌ల గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. వాక్స్‌బిల్‌ల చేత పిల్లలు చేయించడం రానివాళ్ల దగ్గర విడా ఎన్నేళ్లున్నా ఒక్క పిల్లా రాదు.

ఈ పక్షులను అడవిలో పట్టి ఎగుమతి చేసే వ్యాపారం 2005 తర్వాత బాగా సన్నగిల్లింది. బర్డ్ ఫ్లూ భయంతో ఐరోపా యూనియన్ ఆ ఏడాది అడవి పక్షుల దిగుమతిని ఆపింది, 2007లో దాన్ని శాశ్వత నిషేధం చేసింది. దాంతో పంజరంలో పుట్టిన పిల్లలకే విలువ వచ్చింది.

చట్టం సంగతి కొనకముందే చూసుకోవాలి. ఆఫ్రికన్ సిల్వర్‌బిల్‌కు అచ్చంగా తోబుట్టువు లాంటి ఇండియన్ సిల్వర్‌బిల్ మన తుమ్మ చెట్లలోనే గూడు కడుతుంది. దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. లాల్ మునియా, ఇతర మునియాలూ అంతే. రెండు సిల్వర్‌బిల్‌ల తేడా నడుము మీద తెలుస్తుంది. తోక మొదలు దగ్గర ఈకలు తెల్లగా ఉంటే మనది, నల్లగా ఉంటే ఆఫ్రికాది. ఈ రెండింటినీ కలిపి ఉంచితే సంకరం పుడుతుంది, అప్పుడు ఏది ఏదో చెప్పడం కష్టం. సంతల్లో మునియాలకు రంగు పూసి విదేశీ పక్షులుగా అంటగట్టడం పాత మోసమే. తడి దూదితో రెక్క మీద రుద్దితే రంగు అంటుకుంటుంది. 2022లో చట్టాన్ని సవరించి, ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలోని విదేశీ జాతులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. జావా పిచ్చుక ఆ జాబితాలో ఉంది. కార్డన్ బ్లూ, కట్ త్రోట్ లాంటి మామూలు ఆఫ్రికా ఫించ్‌లు ఆ ఒప్పందం కిందికి రావు. అయినా జాబితాలు మారుతుంటాయి కనుక కొనే ముందు ఒకసారి చూసుకోవాలి, రసీదు దాచుకోవాలి.

ఇల్లు, ఎండ, తేమ

ఒక జోడికి కనీసం మూడడుగుల పొడవు, అడుగున్నర లోతు, అడుగున్నర ఎత్తు పంజరం కావాలి. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. ఫించ్ హెలికాప్టర్‌లా పైకి లేవదు, అడ్డంగా ఎగురుతుంది. పిల్లలు చేయించాలంటే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున్న జాలీ గది మేలు. కార్డన్ బ్లూలు చిన్న పంజరంలో గుడ్లు పెడతాయి కానీ పిల్లల్ని దక్కించుకోవడం తక్కువ.

అర అంగుళం జాలీ పెద్ద పక్షులకు సరిపోతుంది. తొమ్మిది సెంటీమీటర్లుండే గోల్డ్ బ్రెస్ట్‌కూ, అప్పుడే గూడు దిగిన ఆరెంజ్ చీక్ పిల్లకూ అది చాలదు, సందులోంచి జారిపోతాయి. చిట్టెలుక కూడా అర అంగుళంలోంచే దూరుతుంది. దూరిందంటే గుడ్లు పోతాయి, రాత్రి పక్షులు బెదిరి జాలీకి గుద్దుకుంటాయి. 10 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్న కన్నుల జాలీ కొనడమే నయం. కొత్త జీఐ (జింకు పూత పూసిన ఇనుప) జాలీని వెనిగర్ నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది, కడిగి, ఎండబెట్టాకే వాడాలి. పైన పొడిలా అంటుకున్న జింకును పక్షి గీకి తింటే విషమవుతుంది. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టకపోతే ఎర్ర చీమలు గూటిదాకా వెళ్తాయి. గుడ్డు చిట్లి పిల్ల బయటికొచ్చే గంటల్లోనే చీమలు పడతాయి.

వరంగల్‌లో మే నెలలో 44, 45 డిగ్రీలు వింత కాదు. రేకుల కింద అది ఇంకా ఎక్కువ. ఆఫ్రికా పక్షి గదా ఎండను తట్టుకుంటుంది అనుకోవడం సగమే నిజం. అక్కడ అది మధ్యాహ్నం ముళ్ల పొద నీడలో, గాలి ఆడే చోట కూర్చుంటుంది. పంజరంలో నీడకు పోయే దారి మనమే చూపించాలి. రేకుల మీద అరడుగు మందాన వరిగడ్డి గానీ తాటి కమ్మలు గానీ పరచాలి. పడమటి వైపు గోనె సంచులు కట్టి పదకొండింటికోసారి, రెండింటికోసారి తడపాలి. తూర్పు వైపు తెరిచి ఉంచాలి. మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్లు పెడితే స్నానం చేస్తాయి. ఆ నీళ్లు రోజుకు మూడుసార్లు మార్చాలి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టి కూర్చుంటే వేడి మీరిందని గుర్తు. ఎయిర్ కూలర్ రోహిణి కార్తె దాకా పనికొస్తుంది. మృగశిర వానలు మొదలయ్యాక అదే కూలర్ గదిని చిత్తడి చేస్తుంది. అప్పుడు కావలసింది తేమ కాదు, ఫ్యాను గాలి. ముసురు పట్టిన వారంలో గూటి గడ్డి బూజు పడుతుంది, దాణా డబ్బాలో గింజ మెత్తబడుతుంది, అడుగున తడిసిన రెట్టలో కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి పెరుగుతుంది.

గింజ

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్న వరంగల్‌లో గింజలకు కరువు లేదు. చిక్కల్లా దొరికే రూపంతోనే. ఆరోగ్యం పేరుతో అమ్మే చిరుధాన్యాలన్నీ పొట్టు తీసిన బియ్యం. అవి మనిషికి. పక్షికి పొట్టుతో ఉన్న గింజే కావాలి. పొట్టు పోతే మొలక భాగం దెబ్బతింటుంది, నూనె ముక్కవాసన పడుతుంది. ఇంకో పెద్ద ప్రమాదం విత్తనాల దుకాణం. విత్తడానికి అమ్మే కొర్రలకు, సజ్జలకు శిలీంధ్ర మందు పట్టించి గులాబీ, ఎరుపు, నీలం రంగు వేస్తారు. కడిగితే పోతుందిలే అని వాటిని పెట్టినవాళ్ల దగ్గర తెల్లారేసరికి గది ఖాళీ అవుతుంది. తినే ధాన్యం అమ్మే చోటే కొనాలి. చేతిలో నలిపి వాసన చూడాలి. ఒక గుప్పెడు తడిగుడ్డలో కట్టి మొలకెత్తించి చూడాలి. నూటికి 80 కన్నా తక్కువ మొలిస్తే ఆ సరుకు పాతది.

మిశ్రమం పెద్ద శాస్త్రమేమీ కాదు. కొర్రలు నాలుగు పాళ్లు, సామలు మూడు, ఊదలు రెండు, వరిగలు ఒకటి. వరిగ గింజ పెద్దది కనుక కట్ త్రోట్‌లకు ఇంకో పాలు పెంచవచ్చు, గోల్డ్ బ్రెస్ట్‌లకు అసలు మానేయవచ్చు. తైదలు నానబెట్టి మొలకెత్తించి ఇస్తే తింటాయి. పది గ్రాముల పక్షి రోజుకు మూడు గ్రాముల దాకా గింజ తింటుంది, అంటే జోడికి ఒకటిన్నర టీస్పూను. ఇక్కడో మోసం ఉంది. ఫించ్ గింజను ముక్కులో తిప్పి పొట్టు అక్కడే వదిలేస్తుంది. సాయంత్రానికి గిన్నె నిండుగానే కనిపిస్తుంది, కానీ అందులో ఉన్నదంతా ఊక. నిండు గిన్నె ముందే ఒక్క రోజులో పక్షులు ఆకలితో చస్తాయి. రోజూ పొద్దున గిన్నెలోది చాటలో పోసి ఒకసారి చెరిగితే మిగిలింది ఎంతో తెలిసిపోతుంది.

మొలకల కోసం గింజను 12 గంటలు నానబెట్టి, కడిగి, గుడ్డలో కట్టి ఇంకో 24 గంటలు ఉంచాలి. తెల్లటి మొన కనిపించగానే ఇవ్వాలి. ఎండాకాలం ఆరు గంటలకోసారి కడగకపోతే పులుస్తాయి. పుల్లటి వాసన వస్తే కోళ్లకు కూడా వేయకూడదు. పాలుపోసుకున్న ఊదగడ్డి కంకి, గరిక కంకి ఈ పక్షులకు పంచభక్ష్యమే. కానీ పొలం గట్టున కోసేటప్పుడు ఆ మడికి కలుపు మందో, పురుగు మందో ఎప్పుడు కొట్టారో అడగాలి. తెలియకపోతే మేడ మీద నాలుగు తొట్లలో గుప్పెడు ఊదలు చల్లుకోవడం మంచిది. పది రోజుల తేడాతో ఒక్కో తొట్టిలో చల్లితే కంకి తెగకుండా వస్తుంది.

సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క ఎప్పుడూ వేలాడదీసి ఉంచాలి. ఆయుర్వేద మూలికల దుకాణంలో దొరుకుతుంది, పక్షుల దుకాణంలో దాన్నే కటిల్ బోన్ అంటారు. కోడిగుడ్డు పెంకు వేయించి నూరి వేసినా సరే. అయితే సున్నం ఒంటబట్టాలంటే డి3 విటమిన్ కావాలి, దానికి పొద్దుటి ఎండ నేరుగా అరగంట తగలాలి. అద్దం కిటికీ వెనక నుంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు.

పురుగు: కుండ, పెండ, మక్క బెండ్లు

పల్లెల్లో కోడిపిల్లలకు చెదలు పట్టి వేయడం పాత పద్ధతి. అదే ఆఫ్రికా ఫించ్‌ల పెంపకానికి తాళంచెవి. అడవిలో కార్డన్ బ్లూ, ఫైర్‌ఫించ్, గ్రెనడియర్ పక్షులు ఇష్టంగా ఏరుకునేది చెదలనే. తెల్లగా, మెత్తగా, రెండు మూడు మిల్లీమీటర్లుండే పనిచెద ఒకటి రోజు వయసు పిల్ల నోటికి సరిగ్గా పడుతుంది. పాశ్చాత్య దేశాల్లో దాని బదులు చీమల గుడ్లు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు. ఇక్కడ పెరట్లోనే ఉంది.

వెడల్పు మూతి పాత కుండ ఒకటి తీసుకోవాలి. అడుగున గుప్పెడు వరిగడ్డి, దాని మీద ఎండిన పెండ ముక్కలు, చింపిన గోనె, గింజ ఒలిచిన మక్క బెండ్లు నాలుగైదు, మళ్లీ గడ్డి, ఇలా వదులుగా నింపాలి. గట్టిగా కూరితే చెద లోపల దారి చేసుకోలేదు. అర లీటరు నీళ్లు చిలకరించాలి. తడిగా ఉండాలి కానీ కారకూడదు. పుట్ట పక్కనో, చెద మట్టి గీత కనిపించే చెట్టు మొదట్లోనో నేలను కాస్త గీకి, తడిపి, సాయంత్రం కుండను బోర్లించి పైన రాయి పెట్టాలి. వానాకాలంలో తెల్లారేసరికే నిండుతుంది. యాసంగిలో రెండు మూడు రోజులు పడుతుంది, ఎండాకాలం చెద లోతుకు పోతుంది కనుక రోజూ తడపాలి. ఎండ ఎక్కకముందే కుండ లేపి, లోపలిది వెడల్పు తట్టలో దులపాలి. పక్కన తడి గోనె ముక్క పరిస్తే పావుగంటలో చెదలన్నీ వెలుతురు తప్పించుకుని దాని కిందికి చేరతాయి, మట్టి తట్టలోనే మిగులుతుంది. గోనె ఎత్తి పళ్లెంలో విదిలిస్తే శుభ్రమైన పురుగు చేతికొస్తుంది. మిగిలిన వాటిని తడి మట్టితో కలిపి చిన్న కుండలో నీడకు పెడితే రెండు రోజులు బతుకుతాయి.

పత్తి చేను, మిర్చి తోట గట్లను వదిలేయాలి, అక్కడ కొట్టే మందులు పుట్టలోకీ చేరతాయి. చెద మందు పోయించిన ఇంటి చుట్టూ కూడా కుండ పెట్టకూడదు.

తొలి వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు ఇంకో నిధి. లైటు కింద నీళ్ల బేసిన్ పెట్టి పట్టి, రెక్కలు రాల్చి, చిన్న పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెలలు ఉంటాయి. కొవ్వు ఎక్కువ కనుక జోడికి రోజుకు పది పన్నెండు చాలు. గూడు లేని రోజుల్లో పెద్ద పక్షులకు రుచి మరపకుండా ఉంచడానికి ఇవి బాగుంటాయి. పిల్లల కోసం మాత్రం బతికున్న చెదే కావాలి. మీల్‌వార్మ్ అనే పిండిపురుగును గోధుమ తవుడులో ఇంట్లోనే పెంచవచ్చు. అర అంగుళం కన్నా చిన్నవి, అప్పుడే పొర విడిచి తెల్లగా ఉన్నవి ఏరి, సున్నం పొడి అద్ది ఇవ్వాలి. గట్టి తోలున్న పెద్ద పురుగు రెండ్రోజుల పిల్లకు అరగదు.

ఎంత ఇవ్వాలి? పొదిగే రోజుల్లో జోడికి అర టీస్పూను చెదలు చాలు. మొదటి పిల్ల లేచిన పొద్దు నుంచి పదో రోజు దాకా లెక్క పెట్టకూడదు. రెండు మూడు గంటలకోసారి ఒక టీస్పూను చొప్పున, తెల్లవారు వెలుతురు నుంచి సాయంత్రం ఆరింటి దాకా వేయాలి. ఒకేసారి గిన్నెడు పోసి ఆఫీసుకు పోతే పనికిరాదు. చెదలు గంటలో ఎండిపోతాయి, మిగిలినవి పాకి పోతాయి. పగలు ఇంట్లో మనిషి లేనివాళ్లు కార్డన్ బ్లూ కన్నా కట్ త్రోట్ పెంచుకోవడం ఉత్తమం. పదో రోజు తర్వాత మొలకలు, గుడ్డు దాణా పెంచుతూ పురుగు తగ్గించాలి. ఉడికిన గుడ్డును పెంకుతో నలిపి జోడికి ఒక టీస్పూను పెట్టి, రెండు గంటల్లో మిగిలింది తీసేయాలి.

గూడు, కార్తెలు

ఏప్రిల్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా గూళ్లు తీసి ఉంచాలి. ఎండాకాలం ఎందుకు వద్దో గుడ్డు లోపల చూస్తే తెలుస్తుంది. మామూలుగా తల్లి గుడ్లన్నీ పెట్టాకో, చివరి గుడ్డు ముందో పొదుగు మొదలుపెడుతుంది కనుక పిల్లలు ఒకట్రెండు రోజుల తేడాలో లేస్తాయి. గది 36, 38 డిగ్రీలుంటే తల్లి కూర్చోకుండానే మొదటి గుడ్డులో పిండం కదులుతుంది. నాలుగు రోజుల తేడాతో పిల్లలు లేస్తే ఆఖరిది మేత అందక పోతుంది. 41 దాటితే పిండమే చచ్చిపోతుంది. జూలై ముసురులో గుడ్డుకు ఫర్వాలేదు కానీ గూడు బూజు పడుతుంది.

ఉత్తర కార్తె, అంటే సెప్టెంబర్ మధ్య, మొదటి గూడుకు సరైన సమయం. దానికి మూడు వారాల ముందు నుంచే మొలకలు, పచ్చి కంకి, చెద పెంచుతూ పోతే మగది గడ్డిపోచ పట్టుకుని ఎగరడం మొదలుపెడుతుంది. అది చూడదగ్గ వేడుక. పోచ ఒక కొసను ముక్కున కరుచుకుని, తల పైకెత్తి, ఆడదాని పక్కన కొమ్మ మీదే గెంతుతూ పాడుతుంది. నీలితల కార్డన్ బ్లూల గెంతును హైస్పీడ్ కెమెరాతో తీసి చూసిన పరిశోధకులు, ఒక్కో గెంతులో కంటికి ఆనని వేగంతో పాదాలు పలుమార్లు కొమ్మను తడుతున్నాయని 2015లో ప్రకటించారు. నృత్యం సంగతి అలా ఉంచితే పెంచేవాళ్లకు అక్కడ పనికొచ్చే విషయం కొమ్మ. కొమ్మ ఊగుతుంటే జత కుదరదు, గుడ్లు వట్టివవుతాయి, పిల్ల కట్టదు. రెండు కొనలూ కదలకుండా బిగించాలి.

వెదురు బుట్ట గూళ్లు జోడికి రెండు చొప్పున, ఐదడుగుల ఎత్తులో, ఒకటి కాస్త పైన ఒకటి కింద కట్టాలి. చుట్టూ ఎండిన తుమ్మ, రేగు కొమ్మలు అల్లితే కార్డన్ బ్లూలకు ధైర్యం. అడవిలో ఇవి కందిరీగల గూటి పక్కన ముళ్ల పొదలో గూడు కట్టుకునే రకం. కట్ త్రోట్‌లకు నాలుగున్నర అంగుళాల చెక్క పెట్టె చాలు. లోపలికి ఎండు గరిక, కొబ్బరి పీచు, తెల్ల కోడి ఈకలు ఇవ్వాలి. పీచును రెండంగుళాలకు మించకుండా కత్తిరించాలి, పొడవు పీచు, దారం, దూది కాళ్లకు చుట్టుకుని పక్షి గూట్లోనే వేలాడి చస్తుంది. ఒక గదిలో ఒక జాతి జోడి ఒకటే. నీలం పక్షి నీలాన్ని, ఎర్రముఖం ఎర్రముఖాన్ని తరుముతుంది. కట్ త్రోట్ అందరి గూళ్లలోకీ తల దూరుస్తుంది. బెంగాలీస్ కొట్లాడదు కానీ గుంపుగా పరాయి గూట్లో చేరి పడుకుని గుడ్లు నలిపేస్తుంది.

బెంగాలీస్‌ను పెంపుడు తల్లిగా వాడే ఆలోచన చాలామందికి వస్తుంది. సిల్వర్‌బిల్, కట్ త్రోట్ గుడ్ల వరకు అది నడుస్తుంది. వాక్స్‌బిల్, కార్డన్ బ్లూలకు మామూలుగా నడవదు. వాటి పిల్లల నోటి లోపల ఉండే చుక్కలు, మెరిసే బుడిపెలు జాతి జాతికీ వేరు, వాటిని చూసే తల్లి మేపుతుంది. పైగా బెంగాలీస్ పురుగు తినిపించదు. కోక్లోసోమా అనే పేగు పరాన్నజీవిని అది తనకేమీ కానట్టు మోస్తూ, సాకిన పరాయి పిల్లలకు అంటిస్తుంది.

తేడా ఎక్కడొచ్చిందో రోజును బట్టి పట్టుకోవచ్చు. ఆరో రోజు తల్లి దిగినప్పుడు ఫోన్ టార్చి మీద గుడ్డు ఆనిస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి. ఏమీ లేకపోతే అది వట్టి గుడ్డు. రెండూ ఆడవే కావచ్చు, కొమ్మ ఊగుతుండవచ్చు. నిండుగా ఎదిగి పెంకులోనే చచ్చిందంటే ఫిబ్రవరి, మార్చి పొడిగాలి, స్నానపు నీళ్లు లేకపోవడం చూడాలి. ఒకటి నుంచి నాలుగో రోజు మధ్య పోతే పురుగు. తొమ్మిది నుంచి పన్నెండో రోజు మధ్య, అదీ డిసెంబర్, జనవరిలో పోతే చలి. వాక్స్‌బిల్ తల్లి తొమ్మిదో రోజు ప్రాంతంలో రాత్రిళ్లు పిల్లల్ని కప్పి కూర్చోవడం మానేస్తుంది, పిల్లలకు ఇంకా ఈక రాదు. వరంగల్‌లో 13, 14 డిగ్రీల రాత్రికే అవి బిగుసుకుపోతాయి, ఆదిలాబాద్ వైపైతే చెప్పనక్కర్లేదు. ఉత్తరం వైపు పరదా, గూటికి అడుగు దూరంలో 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టాలి, లేదా ఆ రెండు నెలలు గూడే పెట్టకూడదు. ఏ కాలమైనా పిల్లలు పాలిపోయి పోతుంటే రాత్రి టార్చితో గూటి అడుగున చూడాలి. ఆవగింజలో సగమంత ఎర్ర పేలు పాకుతుంటాయి, పగలు కొయ్య సందుల్లో దాక్కుంటాయి.

గుడ్డు ఇరుక్కోవడం కట్ త్రోట్ ఆడపక్షుల్లో ఎక్కువ. పొద్దున నేల మీద ఉబ్బి, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. చిన్న పెట్టెలో 30, 32 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి, ముక్కు పక్కన ఒక చుక్క కాల్షియం ద్రవం అందిస్తే చాలాసార్లు కొన్ని గంటల్లో గుడ్డు దిగుతుంది. వేలితో నొక్కితే గుడ్డు లోపలే పగులుతుంది, పక్షి దక్కదు. ఏడాదికి మూడు దఫాలకు మించి పొదిగించిన దగ్గర, ఎనిమిది నెలలు నిండని ఆడదాన్ని జోడి చేసిన దగ్గర ఇది పదేపదే వస్తుంది.

కార్డన్ బ్లూ పిల్లలు 18 రోజుల ప్రాంతంలో గూడు దిగుతాయి. మొదటి రాత్రి మళ్లీ గూటికి చేరలేని పిల్లను చీకటి పడేలోపు చేత్తో గూట్లో పెట్టాలి. ఇంకో రెండు వారాలు తండ్రే మేపుతాడు. ఐదో వారం నిండకముందు విడదీస్తే పిల్ల గిన్నె ముందే ఎండిపోతుంది. విడదీసిన నెలలో బరువు తగ్గి, రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే కాక్సిడియాను అనుమానించి, కోళ్ల రెట్ట పరీక్షించే చోట రెట్ట చూపించాలి. పశువైద్యుడు ఆంప్రోలియం రాస్తే ఆ రోజుల్లో బి1 ఉన్న టానిక్ ఆపేయాలి. ఆ మందు బి1ను అడ్డుకునే పద్ధతిలోనే పనిచేస్తుంది, టానిక్ కలిపితే మందు దండగ. కొత్తగా కొన్న పక్షిని నెల రోజులు వేరే గదిలో ఉంచితే ఈ బాధలో సగం ఇంట్లోకే రాదు.

నవంబర్‌లో రెండో దఫా, ఫిబ్రవరిలో మూడోది. మార్చి ఆఖరుకు గూళ్లన్నీ దింపి, పాత గడ్డి కాల్చేసి, బుట్టలను మరిగే నీళ్లలో ముంచి, రెండు రోజులు బండ మీద ఎండబెట్టి, మూతబిగించిన డబ్బాలో పెట్టాలి. ఆడా మగా వేరు చేసి, గింజ మీదే ఉంచాలి. మళ్లీ డబ్బా తెరిచేది మఖ కార్తె దాటాకే.